వాల్వ్ రేడియోకు డయల్ తాడు మళ్లీ వేయడం: సమగ్ర మార్గదర్శి

నాబు తిప్పితే చేతికి బరువు తెలియదు. డయల్ మీద ముల్లు ఉన్నచోటే ఉంటుంది, స్టేషన్ మారదు. పాత వాల్వ్ రేడియో (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులతో నడిచేది) ఇలా మొరాయిస్తే చాలావరకు లోపల నాబు తిప్పుడును ముల్లుకు అందించే డయల్ తాడు తెగి ఉంటుంది, లేదా సాగి జారుతూ ఉంటుంది. వాల్వులకూ సర్క్యూట్‌కూ దీంతో సంబంధం లేదు. సోల్డరింగ్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, ఖర్చు కూడా స్వల్పమే. అయినా ఇంత చిన్న లోపం వల్లే ఎన్నో మంచి సెట్లు అటక మీదికి చేరాయి.

నిజానికి తాడు కట్టడం కష్టమేమీ కాదు. అది ఏ దారిలో వెళ్లాలో తెలియకపోవడంతోనే చిక్కు. తయారీదారు ఇచ్చిన సర్వీస్ షీటులో బొమ్మ ఉంటుంది గానీ మన దగ్గరున్న సెట్టుకు ఆ షీటు దొరకడం అరుదు. అందుకే ఇందులో ఎక్కువ భాగం దారి కనుక్కోవడం గురించే రాస్తున్నాను. ఆ లెక్క ఒకసారి అర్థమైతే మర్ఫీ అయినా ఫిలిప్స్ అయినా బుష్ అయినా బొమ్మ లేకుండానే తాడు వేయగలరు.

తాడు ఏం చేస్తుంది

స్టేషన్లను మార్చేది గ్యాంగ్, అంటే ట్యూనింగ్ కండెన్సర్. దాని ఇరుసు మీద అరచందమామ ఆకారపు రేకుల కట్టలు ఉంటాయి. ఇరుసు తిరిగితే అవి కదలని రేకుల మధ్యలోకి దూరుతాయి, లేదా బయటికి వస్తాయి. పూర్తిగా లోపలికి వెళ్తే కెపాసిటీ ఎక్కువ, ఫ్రీక్వెన్సీ తక్కువ, వేవ్‌లెంగ్త్ ఎక్కువ. మీడియం వేవ్ డయల్ మీద అది 550 మీటర్ల కొస. రేకులు పూర్తిగా బయటికి వస్తే 190 మీటర్ల కొస. ఈ రెంటి మధ్య ఇరుసు తిరిగేది అరచుట్టు మాత్రమే, 180 డిగ్రీలు.

ఆ ఇరుసుకు పెద్ద డ్రమ్ము బిగించి ఉంటుంది. మనం తిప్పే నాబు షాఫ్ట్ సన్నగా, సుమారు 6 మి.మీ. మందంతో ఉంటుంది. డ్రమ్ము వ్యాసం 100 మి.మీ. అనుకుంటే అరచుట్టుకు తాడు 157 మి.మీ. కదులుతుంది. అంత తాడు కదలాలంటే నాబు దాదాపు 8 చుట్లు తిరగాలి. షార్ట్ వేవ్‌లో 25, 31 మీటర్ల దగ్గర స్టేషన్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నా వాటిని విడదీసి పట్టుకోగలుగుతున్నామంటే ఈ తేడా వల్లే.

షాఫ్ట్‌కు తాడు కట్టి ఉండదు, చుట్టి ఉంటుంది. రాపిడే దాన్ని పట్టుకుంటుంది. గుంజకు రెండు మూడు చుట్లు వేసిన పలుపు తాడు కొసను ఒంటి చేత్తో పట్టుకుని గిత్తను నిలబెట్టినట్టే ఇదీ. చుట్టు పెరిగేకొద్దీ పట్టు కూడికలో కాదు, గుణకారంలో పెరుగుతుంది. రాపిడి గుణకం 0.2 అనుకుంటే ఒక చుట్టుకు పట్టు మూడున్నర రెట్లు, రెండున్నర చుట్లకు 23 రెట్లు, మూడు చుట్లకు 43 రెట్లు. అందుకే దాదాపు అన్ని సెట్లలోనూ రెండున్నర నుంచి మూడు చుట్లు కనిపిస్తాయి. అంతకు మించి వేస్తే లాభం లేదు. చుట్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి బిగుసుకుపోతాయి.

ఇక స్ప్రింగు. డ్రమ్ము లోపల ఉండే ఈ చిన్న స్ప్రింగే తాడును ఎప్పుడూ బిగువుగా ఉంచుతుంది. తాడు కాస్త సాగినా వాతావరణానికి కాస్త ముడుచుకున్నా ఆ తేడాను అదే సర్దుతుంది. తాడు తెగినప్పుడు స్ప్రింగు ఎగిరిపడి చాసీ (భాగాలన్నీ బిగించి ఉండే లోహపు చట్రం) మూలల్లోకి పోతుంది. సెట్టు విప్పగానే ముందు దాని కోసం వెతకండి.

కరెంటు సంగతి

ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు. వాల్వ్ సెట్లలో హెచ్‌టీ (హై టెన్షన్, వాల్వులకు అందే ఎక్కువ) వోల్టేజి 200, 250 వోల్టుల వరకు ఉంటుంది. ఆఫ్ చేశాక కూడా ఫిల్టర్ కండెన్సర్లలో ఆ చార్జి కొంతసేపు నిలిచి ఉండవచ్చు. 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టరుకు ఇన్సులేషన్ ఉన్న వైర్లు వేసుకుని, కండెన్సరు ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య కొన్ని సెకన్లు ఆనించండి. తర్వాత మీటరుతో చూసి సున్నా అని నిర్ధారించుకోండి. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేసే అలవాటు మంచిది కాదు, కండెన్సరూ పాడవుతుంది, చెయ్యీ కాలుతుంది.

మీ సెట్టులో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉందో లేదో తెలుసుకోండి. వాల్వుల పేర్లు యుసిహెచ్, యుబిఎఫ్, యుసిఎల్, యువై అని ‘యు’తో మొదలైతే అది ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ–డీసీ సెట్టు. వాటిలో చాసీ నేరుగా మెయిన్స్‌కు కలిసి ఉంటుంది. ప్లగ్ ఏ వైపు పెట్టామన్నదాన్ని బట్టి చాసీ మీదే 230 వోల్టులు ఉండొచ్చు. ‘ఇ’తో మొదలయ్యే ఇసిహెచ్ 81, ఇఎల్ 84 లాంటి వాల్వులుంటే మామూలుగా ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. కానీ కొన్ని సెట్లలో పెట్టింది ఆటో ట్రాన్స్‌ఫార్మర్, అది చాసీని మెయిన్స్ నుంచి వేరుచేయదు కాబట్టి దానివల్ల రక్షణ ఉండదు. అనుమానంగా ఉంటే చాసీలో కరెంటు ఉన్నట్టే లెక్కవేసుకుని పని చేయండి.

చాలా ఏళ్లుగా ఆన్ చేయని సెట్టయితే తాడు వేశాం కదా అని వెంటనే ప్లగ్ పెట్టకండి. పాత కండెన్సర్లు ముందు పరీక్షించాలి. 60 వాట్ల ఫిలమెంటు బల్బునైనా సిరీస్‌లో (సెట్టుకు వెళ్లే కరెంటు బల్బు గుండా పోయేలా) పెట్టి ఆన్ చేయాలి. బల్బు పూర్తి కాంతితో వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్ట్ ఉన్నట్టు, వెంటనే ఆపేయాలి.

విప్పేటప్పుడు చూసుకోవలసినవి

ముందుగా నాబుతో గానీ, తాడు తెగితే డ్రమ్మును వేలితో తిప్పి గానీ గ్యాంగ్ రేకులు పూర్తిగా లోపలికి పోయేలా చేయండి. పని పూర్తయ్యేదాకా అలాగే ఉంచండి. బయటికి వచ్చి ఉన్న రేకుకు స్క్రూడ్రైవరో చొక్కా చెయ్యో తగిలి కాస్త వంగినా పక్క రేకుకు ఆనుతుంది. అప్పుడు డయల్‌లో ఒక చోట గరగరమని స్టేషన్ పోతుంది. తెగిన తాడును సాయంత్రంలోగా మార్చవచ్చు. వంగిన రేకులను తిన్నగా చేయడం మాత్రం ఓపికకు పెద్ద పరీక్ష.

నాబులు, వెనుక మూత, అడుగు బోల్టులు తీసి చాసీని నెమ్మదిగా బయటికి లాగండి. స్పీకర్ వైర్లు పొట్టిగా ఉంటాయి, చూసుకోండి. తాడు తెగి ఉన్నా సరే ఒక్క దారం ముక్కను కూడా కదపకముందే పై నుంచి, ముందు నుంచి, రెండు పక్కల నుంచి ఫోటోలు తీయండి. తర్వాత కాగితం మీద కప్పీలు, డ్రమ్ము, షాఫ్ట్ ఎక్కడెక్కడ ఉన్నాయో గీయండి. ఫోటోలో ఏ తాడు ముందు, ఏది వెనుక అనేది సరిగా తెలియదు. గీస్తే తెలుస్తుంది.

డయల్ గాజు తీయాల్సి వస్తే చాలా జాగ్రత్త. అంకెలూ ఊళ్ల పేర్లూ గాజు లోపలి వైపు పెయింటుతో అచ్చువేసి ఉంటాయి. తడిగుడ్డ తగిలితే చాలు, అక్షరాలు గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి. ముందు వైపు తుడుచుకోవచ్చు. లోపలి వైపు మెత్తని కుంచెతో దుమ్ము దులపడం తప్ప ఇంకేమీ చేయవద్దు. గాజును గుడ్డలో చుట్టి ఎవరి కాలూ తగలని చోట పెట్టండి.

తాడు వేయకముందే చూడాల్సినవి మూడు ఉన్నాయి. డ్రమ్మును వేలితో తిప్పండి. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే తేలికతో తిరగాలి. బిగుసుగా ఉంటే గ్యాంగ్ ఇరుసు బాల్ బేరింగుల్లో పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన కుంచెతో ఆ గ్రీజు కరిగించి తుడిచి, కొత్తది కొంచెం పెట్టండి. రేకుల మీదికి పోకూడదు. గ్యాంగ్ బిగుసుగా ఉండగా ఎంత మంచి తాడు వేసినా జారుతుంది.

రెండోది, గ్యాంగ్ కింద ఉండే రబ్బరు గ్రోమెట్లు, అంటే రింగుల్లాంటి మెత్తలు. వేడికి ఇవి గట్టిపడి పగులుతాయి, లేదా జిగటగా కరిగి గ్యాంగ్ కిందికి దిగుతుంది. డ్రమ్ము రెండు మూడు మి.మీ. దిగిందంటే తాడు కప్పీ గాడిలోకి ఏటవాలుగా వస్తుంది, అంచుకు రాసుకుని మళ్లీ తెగుతుంది. గ్రోమెట్లు మార్చాల్సి ఉంటే ఇప్పుడే మార్చండి. తాడు వేశాక గ్యాంగ్ ఎత్తితే పనంతా మొదటికొస్తుంది.

మూడోది కప్పీలు. ఒక్కొక్కటీ తేలికగా తిరగాలి. ఇరుసుకు సూది మొనతో ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె చాలు. గాడిలో నూనె ఉండకూడదు. షాఫ్ట్ మీద తాడు చుట్టే నడుము భాగాన్ని స్పిరిటుతో శుభ్రంగా తుడవండి. అక్కడ జిడ్డు ఉంటే పైన చెప్పిన రాపిడి లెక్క తలకిందులవుతుంది.

ఏ తాడు వాడాలి

కావలసింది 0.7 నుంచి 0.9 మి.మీ. మందమున్న, అల్లిన, సాగని తాడు. పాత సెట్లలో అల్లిన లినెన్, సిల్క్, నైలాన్ తాళ్లు వాడేవారు. కొన్నిటికి మధ్యలో గ్లాస్ ఫైబర్ పోగు ఉండేది. డయల్ కార్డ్ పేరుతో అమ్మేది దొరికితే అదే కొనండి. పాత తాడు ముక్క ఉంటే పట్టుకెళ్లి మందం పోల్చుకోండి. లావు తాడయితే కప్పీ గాడిలో కూర్చోదు, సన్నదయితే గాడికీ కప్పీ పక్క రేకుకూ మధ్య ఇరుక్కుంటుంది.

అది దొరక్కపోతే చేపలు పట్టే సామాన్ల దుకాణంలో అమ్మే అల్లిక డాక్రాన్ లైను నా మొదటి ఎంపిక. అది పాలియెస్టరు, పెద్దగా సాగదు, షాఫ్ట్‌ను బాగా పట్టుకుంటుంది. తోలు కుట్టడానికి వాడే పాలియెస్టరు దారం కూడా పనికొస్తుంది, అయితే మైనం ఎక్కువగా ఉన్నది వద్దు. ఇప్పుడు ఎక్కువగా అమ్మే పీఈ అల్లిక లైను చాలా గట్టిదే, కానీ నున్నగా ఉండి జారుతుంది.

గాజులా మెరిసే ఒంటి పోగు నైలాన్ వైరు అసలు వాడకండి. ఎక్కువమంది పట్టుకొచ్చేది అదే. దానికి బిర్రు ఎక్కువ, సన్నని షాఫ్ట్ చుట్టూ సరిగా వంగదు, ముడి నిలవదు, రోజులు గడిచేకొద్దీ సాగుతుంది. కుట్టు దారం నాలుగు పేటలు పేని వేసినా ఎండకీ వానకీ దాని పొడవు మారిపోతుంది. అది అసలు తాడు వేసేముందు దారి సరిచూసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది, దగ్గర పెట్టుకోండి.

ఇవి కాక ట్వీజర్స్, కాగితం టేపు, రెండు బట్టల క్లిప్పులు, నెయిల్ పాలిష్, ఒక అగరుబత్తి, చివర కొక్కెంలా వంచిన సన్నని తీగ చాలు.

దారి కనుక్కోవడం

ముందు పాత గుర్తులు వెతకండి. ఏళ్ల తరబడి తాడు తిరిగిన కప్పీ గాడి లోపల మెరుస్తూ ఉంటుంది. వాడని గాడిలో దుమ్ము పేరుకుని ఉంటుంది. డ్రమ్ముకు రెండు గాడులుంటే ఏది మెరుస్తుందో చూడండి. ముల్లు కదిలే పట్టీ మీద కూడా అది ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వెళ్లేదో రాసుకున్న జాడ కనిపిస్తుంది. ఆ జాడ పొడవును కొలిచి, డ్రమ్ము వ్యాసాన్ని 1.57తో గుణించి వచ్చిన అంకెతో పోల్చండి. రెండూ దగ్గరగా ఉంటే ముల్లు నేరుగా ఈ తాడు మీదే కదులుతుందన్నమాట. బాగా తేడా ఉంటే ముల్లుకు వేరే తాడు, వేరే చిన్న డ్రమ్ము ఉన్నాయేమో చూడండి. కొన్ని సెట్లలో నాబు నుంచి గ్యాంగ్‌కు ఒక తాడు, గ్యాంగ్ నుంచి ముల్లుకు ఇంకో తాడు ఉంటాయి. అప్పుడు ఒక్కొక్కదాన్ని విడిగా ఆలోచించాలి.

ఇప్పుడు ఎక్కువగా కనిపించే అమరిక తీసుకుందాం. సెట్టుకు ఎదురుగా నిలబడి చూస్తున్నామనుకోండి. ఎడమవైపు గ్యాంగ్ డ్రమ్ము, దాని ముఖం మనవైపు. డయల్ పైభాగంలో ఎడమ కొసన ఒక కప్పీ, కుడి కొసన ఒక కప్పీ. కుడివైపు కింద ట్యూనింగ్ షాఫ్ట్. ముల్లు పై రెండు కప్పీల మధ్య తాడు మీద కూర్చుంటుంది. 550 మీటర్ల అంకె ఎడమ కొసన ఉంది.

తాడు డ్రమ్ము గంటు (డ్రమ్ము అంచులో తాడు లోపలికి దూరే చీలిక) లోంచి బయటికొచ్చి, డ్రమ్ము అడుగు నుంచి ఎడమ పక్కకు తిరిగి, పైకి ఎడమ కప్పీకి వెళ్తుంది. కప్పీ మీదుగా కుడివైపు సాగి, కుడి కప్పీ మీదుగా కిందికి దిగి షాఫ్ట్‌ను చేరుతుంది. అక్కడ చుట్లు తిరిగి, ఎడమవైపు డ్రమ్ము అడుగుకు వచ్చి, డ్రమ్ము చుట్టూ పోయి అదే గంటులోకి దూరుతుంది.

ఇది సరైనదో కాదో మూడు ప్రశ్నలతో తేలుతుంది. మొదటిది, గ్యాంగ్ మూసి ఉన్నప్పుడు, అంటే రేకులు పూర్తిగా లోపల ఉన్నప్పుడు, ముల్లు 550 వైపు ఉందా? రెండోది, గ్యాంగ్ తెరుచుకునేలా డ్రమ్ము తిరిగితే ముల్లు 190 వైపు కదులుతుందా? మన అమరికలో ముల్లు కుడికి వెళ్లాలంటే డ్రమ్ము ఎడమ పక్క తాడు పైకి పోవాలి, అంటే డ్రమ్ము గడియారం ముల్లు తిరిగే దిశలో తిరగాలి. మీ గ్యాంగ్ ఆ దిశలో తెరుచుకుంటే దారి సరైనది. ఎదురు దిశలో తెరుచుకుంటే తాడు డ్రమ్ముకు రెండో పక్క నుంచి పైకి వెళ్లాలి. మూడోది, నాబు కుడికి తిప్పితే ముల్లు కుడికి వెళ్తుందా? దీన్ని తేల్చేది షాఫ్ట్ మీద చుట్టే దిశ. కుడి కప్పీ నుంచి దిగే తాడు షాఫ్ట్ కుడి పక్కకు వచ్చి, కింద నుంచి చుట్టుకుని, చివరికి అడుగు నుంచి ఎడమకు వెళ్తే నాబూ ముల్లూ ఒకే దిశలో కదులుతాయి. ఎడమ పక్కకు దింపి చుడితే నాబు కుడికి, ముల్లు ఎడమకి. రేడియో పని చేస్తుంది గానీ చెయ్యి ఎప్పటికీ దానికి అలవాటు పడదు.

ఇక గంటు ఎక్కడ ఉండాలన్నది. డ్రమ్ము అరచుట్టు తిరిగినా రెండు కొసల్లో ఏదీ గంటు దగ్గర పూర్తిగా విప్పుకుపోకూడదు. మన అమరికలో గ్యాంగ్ మూసి ఉన్నప్పుడు గంటు గడియారంలో 12, 1 అంకెల మధ్య ఉంటే బాగుంటుంది. అప్పుడు పైకి వెళ్లే కొస డ్రమ్ము మీద 240 నుంచి 270 డిగ్రీలు చుట్టుకుని ఉంటుంది. గ్యాంగ్ పూర్తిగా తెరిచాక కూడా 60 నుంచి 90 డిగ్రీలు మిగులుతుంది. గంటు 3 దగ్గర ఉంటే చివరికి ఏమీ మిగలదు, తాడు గంటు అంచు మీద మడత పడి అక్కడే తెగుతుంది. డ్రమ్మును ఫ్యాక్టరీలో సరిగ్గానే బిగించి ఉంటారు. గంటు వింత స్థానంలో కనిపిస్తే గ్రబ్ స్క్రూ (డ్రమ్మును ఇరుసుకు బిగించే తల లేని చిన్న స్క్రూ) వదిలించి తిప్పే ముందు తాడు దారి గురించి మీ ఊహ తప్పేమో మళ్లీ చూడండి.

ఈ దారినంతా కుట్టు దారంతో, స్ప్రింగు లేకుండా టేపులతో అతికించి ఒకసారి నడిపి చూడండి. దారం ఒకదాన్నొకటి రాసుకోకూడదు, డయల్ బల్బు హోల్డరుకు తగలకూడదు. సరిపోయాక దారం తీసి కొలవండి. లెక్కతోనూ సరిచూడవచ్చు. 100 మి.మీ. డ్రమ్ము మీద చుట్టూ పావూ అంటే 393, ఎడమ కప్పీ దాకా 100, కప్పీల మధ్య 200, షాఫ్ట్ దాకా 150, మూడు చుట్లకు 60, డ్రమ్ముకు తిరిగి 120, గంటు లోపల స్ప్రింగు దాకా రెండు కొసలకూ కలిపి 100. మొత్తం 1,123 మి.మీ. అయితే అసలు తాడు మీటరున్నర కోయండి. ముడి వేయడానికి చేతికి తాడు చిక్కకపోతే పనంతా విసుగు.

తాడు వేయడం

1. తాడు కొసలు రెండూ అగరుబత్తి నిప్పుతో తాకించి కరిగించండి, పోగులు విడిపోవు. ఒక కొసన చిన్న ఉచ్చు ముడి వేసి స్ప్రింగు కొక్కేనికి తగిలించండి. స్ప్రింగు రెండో కొసను డ్రమ్ము లోపలి కొక్కేనికి తాత్కాలికంగా తగిలించి టేపు అతికించండి. గ్యాంగ్ మూసే ఉందని మరోసారి చూసుకోండి. డ్రమ్ము కదలకుండా ఒక బట్టల క్లిప్పు పెట్టండి. దాన్ని రేకులకు కాదు, డ్రమ్ము అంచును పక్కనున్న చాసీ రేకుకు కలిపి పట్టేలా పెట్టాలి.

2. తాడును గంటు లోంచి బయటికి తీసి, డ్రమ్ము గాడిలో కూర్చోబెడుతూ, కప్పీల మీదుగా షాఫ్ట్ దాకా తెండి. చెయ్యి మారినప్పుడల్లా తాడును టేపుతో ఆపండి. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి నుంచి చివరిదాకా తాడు ఒకే బిగువులో ఉండటం. ఒక్క క్షణం వదులైతే వెనుకనున్న చుట్లన్నీ గాడి దాటి బయటికొస్తాయి.

3. షాఫ్ట్ చుట్టూ రెండున్నర నుంచి మూడు చుట్లు. వచ్చే తాడు నడుము ఒక అంచు దగ్గర మొదలై, వెళ్లే తాడు రెండో అంచు దగ్గర ముగియాలి. చుట్లు పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండాలి. నాబు తిరిగేటప్పుడు చుట్లు షాఫ్ట్ మీద పక్కకు జరుగుతాయి. నడుము పల్లంగా ఉంటుంది కాబట్టి బిగువు వాటిని మళ్లీ మధ్యకు లాగుతుంది. వచ్చే తాడూ వెళ్లే తాడూ స్థానాలు మారితే మధ్యలో అవి దాటుకుంటాయి, నాబు బిగుసుకుంటుంది.

4. షాఫ్ట్ నుంచి డ్రమ్ముకు తెచ్చి, గాడిలో మొదటి కొస పక్కనే ఉండేలా చుట్టి, గంటులోకి దూర్చండి. ఇప్పుడు స్ప్రింగును కొక్కెం నుంచి విప్పండి. తాడు రెండో కొసను చేత్తో లాగి బిగువుగా పట్టుకుని, స్ప్రింగు సాగకుండా ఉన్న స్థితిలో ముడి ఎక్కడ పడుతుందో పెన్నుతో గుర్తు పెట్టండి. అసలు ముడిని ఆ గుర్తుకు 8 నుంచి 10 మి.మీ. ముందే, పొట్టిగా వేయండి. ఆ కొసను కూడా స్ప్రింగుకు తగిలించి, వంచిన తీగ కొక్కెంతో స్ప్రింగును లాగి డ్రమ్ము కొక్కేనికి వేయండి. స్ప్రింగు చుట్ల మధ్య సందులు కనిపించాలి. అలాగని పూర్తిగా సాగిపోకూడదు, ఇంకా సాగే శక్తి మిగలాలి.

5. నాబు తిప్పి కొస నుంచి కొస దాకా పది పదిహేనుసార్లు నడపండి. తాడు గాడుల్లో సర్దుకుంటుంది. అన్నీ బాగుంటే తాడు ముడుల మీద ఒక్కో చుక్క నెయిల్ పాలిష్ వేయండి. సూపర్ గ్లూ వద్దు, అది అల్లికలోకి పాకి తాడును పుల్లలా చేస్తుంది, అక్కడే విరుగుతుంది. మిగులు కొసలను రెండు మూడు మి.మీ. వదిలి కోయండి.

ఒక రాత్రి అలా వదిలేయడం మంచిది. కొత్త తాడు మొదటి రోజే ఎక్కువగా సాగుతుంది. పొద్దున స్ప్రింగు మళ్లీ ముడుచుకుని ఉంటే ఒక ముడి విప్పి ఇంకో నాలుగైదు మి.మీ. బిగించండి. నెయిల్ పాలిష్‌ను ఈ సవరణ తర్వాతే వేసేవాళ్లూ ఉన్నారు. పద్ధతి ప్రకారం అదే మేలు.

సరిగా లేకపోతే

నాబు తిరుగుతూ ముల్లు ఆగుతుంటే జారుతోందన్నమాట. ముందు చూడాల్సింది గ్యాంగ్ తేలికగా తిరుగుతోందా అని, తర్వాత స్ప్రింగు బిగువు, ఆ తర్వాత షాఫ్ట్ జిడ్డు. ఇవన్నీ బాగున్నా జారితే ఫిడేలు కమానుకు రుద్దే రోజిన్ బిళ్లను పొడి చేసి, షాఫ్ట్‌ను తాకే భాగంలో మాత్రం తాడుకు చిటికెడు పట్టించండి. చాలామంది మొదటే రోజిన్ రుద్దుతారు. దానివల్ల అసలు లోపం కొన్నాళ్లు దాగి మళ్లీ బయటపడుతుంది.

నాబు తిప్పి వదిలితే ముల్లు కాస్త వెనక్కి వస్తోందంటే తాడు సాగుతోంది, లేదా ఏదో ఒక కప్పీ తిరగకుండా బిగుసుకుంది. ఒక దిశలో బాగా తిరిగి రెండో దిశలో పట్టేస్తే షాఫ్ట్ చుట్లలో ఒకటి ఇంకోదాని మీద ఉంది. కొసల దగ్గర మాత్రమే జారితే బహుశా అది లోపమే కాదు. గ్యాంగ్ ఆఖరికి చేరాక నాబును ఇంకా తిప్పితే తాడు జారాలనే అలా పెట్టారు, లేకపోతే బలంగా తిప్పిన ప్రతిసారీ తెగుతుంది.

ముల్లును సరైన చోట నిలపడం

ముల్లు వెనుక చిన్న రేకు పళ్లు ఉంటాయి. తాడు వాటి మధ్య వంకరగా దూరితే రాపిడితో నిలుస్తుంది. ఇప్పుడే అతికించకండి. గ్యాంగ్ పూర్తిగా మూసి, డయల్ మీద కొస గుర్తు ఉంటే ముల్లును దానికి ఎదురుగా పెట్టండి. కరెంటు లేకుండా ఇంతవరకే చేయగలం.

సెట్టు పని చేస్తుంటే ఆకాశవాణి కేంద్రాలతో సరిచూడవచ్చు. మీడియం వేవ్‌లో హైదరాబాద్ 738, విజయవాడ 837, కడప 900, విశాఖపట్నం 927 కిలోహెర్ట్జ్. మీ డయల్ మీద కిలోసైకిల్స్ అని ఉంటే అవే అంకెలు. మీటర్లలో ఉంటే 3,00,000ను ఆ అంకెతో భాగించండి: హైదరాబాద్ 406.5, విజయవాడ 358, కడప 333, విశాఖ దాదాపు 324 మీటర్లు. ప్రసారం ఉన్న వేళ మధ్యాహ్నం పూట మీకు దగ్గరి కేంద్రాన్ని పట్టుకోండి. రాత్రయితే దూరపు స్టేషన్లు వచ్చి కలుస్తాయి, ఏది ఏదో తికమక పడతారు. ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు ఆపితే శబ్దం తగ్గుతుంది. స్టేషన్ బాగా వినపడే చోట నాబు వదిలేసి, సెట్టు ఆపి, ప్లగ్ తీసి, ఆ తర్వాతే ముల్లును తాడు మీద జరపండి. ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్టయితే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సెట్టును మెయిన్స్ నుంచి వేరుచేసేది) లేకుండా చాసీ బయట ఉండగా ఈ పని చేయవద్దు.

వీలైతే దూరంగా ఉన్న రెండు స్టేషన్లతో చూడండి. రెండు చోట్లా ముల్లు ఒకే వైపు, ఒకే దూరం తప్పి ఉంటే ముల్లు జరిపితే సరిపోతుంది. ఒక కొసన సరిగ్గా ఉండి రెండో కొసన తప్పితే అది తాడు తప్పు కాదు, ఆసిలేటర్ ట్రిమ్మర్, ప్యాడర్ల (డయల్ కొసలను సరిచేసే చిన్న కండెన్సర్ల) సర్దుబాటు. ముల్లుతో దాన్ని కప్పిపుచ్చే ప్రయత్నం చేయకండి. ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) కాయిళ్ల స్క్రూల జోలికి అసలు వెళ్లకండి.

స్థానం కుదిరాక ముల్లు పళ్లను మెల్లగా నొక్కి, తాడు కలిసే చోట ఒక చుక్క నెయిల్ పాలిష్ వేసి ఆరనివ్వండి. డయల్ గాజు పెట్టాక ముల్లు దానికి రాసుకోకుండా చివరి దాకా నడిపి చూడండి. తాడు దారి బొమ్మను, చుట్ల సంఖ్యతోనూ తాడు పొడవుతోనూ కలిపి కాగితం మీద గీసి వెనుక మూత లోపల అతికిస్తే తర్వాత విప్పేవారికి శ్రమ తప్పుతుంది. నాబులు బిగించేటప్పుడు వాటి గ్రబ్ స్క్రూ గుంటల్లో ఇంతకుముందు మైనం నింపి ఉందేమో గుర్తు తెచ్చుకోండి. ఏసీ–డీసీ సెట్లలో ఆ స్క్రూకు చాసీ కరెంటు వస్తుంది, వేలికి తగలకుండా ఉండటానికే ఆ మైనం. కొవ్వొత్తి మైనం కరిగించి ఆ గుంటలు మళ్లీ నింపి, వెనుక మూత బిగించాకే ప్లగ్ పెట్టండి.